నాలుగో ప్రశ్న

అన్నయ్యా,

నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా ఉంటే నోరు జారతానని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పరీక్షలో మొదటి మూడు ప్రశ్నలూ క్లోరిన్ గురించీ క్రిముల గురించీ అడిగారు. నాలుగోది, "మన నాయకుడి పథకాల్లో మీకు బాగా నచ్చినదేది? ఎందుకు?" తాగే నీళ్లకీ దీనికీ ఏమిటి సంబంధం? కావాలనే ఖాళీగా వదిలేశాను. ఆ సంగతి నీకొక్కడికే చెప్పాను. "పిచ్చిదానా, చేతికందిన ఉద్యోగం కాలదన్నుకుంటావా?" అన్నావు.

నిన్న ఉద్యోగంలో చేరే సంతకానికి పిలిచి నా ఫైలు ముందు పెట్టారు. నాలుగో ప్రశ్న కింద పేజీ నిండా జవాబుంది! "ఇంత చక్కగా ఇంకెవరూ రాయలేదమ్మా" అని ఆఫీసరు తెగ మెచ్చుకున్నాడు. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కదా, నీ చేతిరాత పోల్చుకోలేనా? ఆ ఆఫీసు గుమాస్తావి నువ్వు. జవాబు పత్రాలు దాచే బీరువా తాళాలు ఉండేదీ నీ దగ్గరే.

నా మంచి కోరే చేశావు, తెలుసు. కానీ నీళ్లు బాగాలేకపోతే బాగాలేవని రాయడమే అక్కడ నా పని. రేపు నేనలా రాసిచ్చిన కాగితాన్ని కూడా ఎవరో నా మంచి కోరి దిద్దితే? ఆ నీళ్లు నీ పిల్లలూ తాగుతారు.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. సోమవారం పదింటికి వెళ్లి ఆ జవాబు నాది కాదని చెప్తాను. మరి ఎవరిదని అడుగుతారు. అబద్ధమాడటం నువ్వు నాకు నేర్పలేదు. ఆలోపు నువ్వే చెప్పెయ్.

నీ చెల్లి