ఎడమచేతి గ్లవ్

మార్చి 4, మంగళవారం
నేను చేసిన మొదటి గోల్ఫ్ క్లబ్, అదే బంతి కొట్టే కర్ర, ఈరోజు ఒక పెద్దావిడ చేతికి వెళ్ళింది. షాఫ్ట్ కోసింది, హెడ్ అతికించింది, పిడికి గ్రిప్ తొడిగింది నేనే. లైబ్రరీ ఉద్యోగం వదిలేశానని అమ్మ ఇంకా ఏడుస్తోంది. నోరు విప్పక్కర్లేని పని మానేసి నోరు విప్పక్కర్లేని ఇంకో పని వెతుక్కుంది, అదేం మారలేదులేమ్మా, అంది అక్క.

కొలతలప్పుడు ఆవిడ ఎడమచేతి గ్లవ్ తియ్యలేదు. చివరి రెండు వేళ్ళూ వంగలేదు. దూది కుక్కినట్టున్నాయి. ఎదుటివాళ్ళ లోపం కనిపిస్తే కళ్ళు దించుకోమనేవారు కాన్వెంట్‌లో సిస్టర్. దించుకున్నాను. గ్లవ్ మీదే కొలిచాను.

మార్చి 6
క్లబ్ తిరిగొచ్చింది. స్వింగ్ మధ్యలో చేతిలోంచి ఎగిరిపోయిందట. పక్కన నిలబడ్డాయన గుండె ఆగినంత పనైందట. ఇది క్లబ్బా, సబ్బా అమ్మాయ్, అంది పెద్దావిడ.

గరుకు గ్రిప్ వేసి ఇచ్చాను. వేళ్ళ సంగతి అడగలేదు.

మార్చి 10
మళ్ళీ జారింది. మా వర్క్‌షాప్ మేస్త్రి కేకలేసినా బాగుండేది. టీ గ్లాసు నా చేతికిచ్చి నెమ్మదిగా అన్నాడు. నా పేరు మీద బయటికెళ్ళే సరుకు తల్లీ, మూడోసారి వెనక్కొస్తే వేరే పని చూసుకో.

లైబ్రరీకి ఫోన్ చేశాను. నా సీట్లో ఇంకో అమ్మాయి.

మేస్త్రికి ఆ వేళ్ళ సంగతి చెప్పొచ్చు. కానీ దాచుకున్నది ఆవిడ. చెప్పడానికి నేనెవర్ని? బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 11
రేపు ఆవిడ వస్తుంది. అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. గ్లవ్ తియ్యండి. రెండే మాటలు. రెండోది గొంతు దాటదు.

మార్చి 12, మధ్యాహ్నం
గ్లవ్, అన్నాను. ఆపైన మాట రాలేదు. చెయ్యి చాపి నిలబడ్డాను.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. మీరు కాస్త బయటికెళ్ళండి, అంది మేస్త్రితో. తరవాత గ్లవ్ లాగేసింది. దూది నేలమీద పడింది. చేతికి మూడే వేళ్ళు. ఆ చెయ్యి నా అరచేతిలో పెట్టి, త్వరగా కొలువు, చలేస్తుంది, అంది.

ఈసారి కళ్ళు దించుకోలేదు.

మార్చి 13
గ్రిప్ కింద టేపు చుట్లు పెంచాను. ఉన్న వేళ్ళకి నిండుగా అందాలి. చివర ఉబ్బుగా వదిలాను, జారినా అక్కడ ఆగుతుంది. ఆగకపోతే నా పని అయిపోయినట్టే.

మార్చి 15
నిన్న క్లబ్ తీసుకెళ్తూ గ్లవ్ మా బల్ల మీద మర్చిపోయారని ఆవిడకి నేనే ఫోన్ చేశాను. పారెయ్యవే, ఆటలో ఉన్నాను, అని పెట్టేసింది.