అడవి చూడ్డానికి పోయినందుకు

ఆళ్లగడ్డ,
7 ఫిబ్రవరి 1982.

ప్రసన్నకుమారికి,

ప్రభువు కృపవల్ల ఇక్కడ నేను, అమ్మ, నాయన క్షేమం. జర్మనీలో నువ్వూ క్షేమమేనని తలుస్తాను. మర్యాదకు రాయాల్సింది రాశాను. ఇక నా కోపం చదువు.

డిసెంబరులో వచ్చిన నీ జాబును మా ఏడో తరగతి ఆడపిల్లలకు చదివి వినిపించాను. తప్పు అక్కడే చేశాను. మీ ఫ్రైబుర్గ్‌లో ఊరి నడిబొడ్డుకు కార్లను రానివ్వరని, మీ పెద్ద డాక్టరు కూడా ట్రాములో నిలబడి ఆసుపత్రికి వస్తాడని రాశావు. సెలవురోజు అదే ట్రాములో చివరిదాకా పోయి దిగితే ఎదురుగా అడవేనని, అందులో ఆడవాళ్లు ఒంటరిగా పూటంతా నడుస్తారని రాశావు. పిల్లలు రెప్ప వేయకుండా విన్నారు. మహాలక్ష్మి అనే పిల్ల లేచి, మనకు గూడా అడివి ఉంది గదా టీచర్, మనమెందుకు పోము అని అడిగింది. సరే పోదాం అన్నాను.

జనవరి ఆఖరి శనివారం పదకొండు మంది పిల్లలతో రుద్రవరం బస్సెక్కాను. దిగి గంటన్నర నడిచాక అడవి మొదలైంది. ఎండిన టేకాకులు కాళ్ల కింద గలగలమంటుంటే పిల్లలు నవ్వుతూ కావాలని వాటిమీదే నడిచారు. ఒక నెమలి మా ముందు నుంచి తొందర లేకుండా దారి దాటింది. ఎవరూ అరవలేదు. ఆ ఒక్క గంట నువ్వు రాసినదంతా నిజమే అనిపించింది.

అప్పుడొచ్చాడు ఫారెస్టు గార్డు. యాడికి పోతాండారు అన్నాడు. అడవి చూడ్డానికొచ్చామన్నాను. నవ్వాడు. చూసేదానికేముందమ్మా ఈడ, కట్టెలకా గడ్డికా, నిజం చెప్పు అన్నాడు. పిల్లల సద్దిమూటలు విప్పించాడు. సంగటి ముద్దలు మట్టిలో పడ్డాయి. ఒక్కొక్కరినీ ఎవరి బిడ్డవని అడిగాడు. మహాలక్ష్మి వంతు రాగానే, ఓహో, కట్టెలమ్మే మద్దిలేటమ్మ కూతురివా, దావ చూసిరమ్మని మీయమ్మ పంపిందా అని గద్దించాడు. ఆ పిల్ల నా వెనక్కొచ్చి దాక్కుంది. నేను టీచర్నని ఎంత చెప్పినా వినలేదు. గంటసేపు ఎండలో నిలబెట్టాడు.

తిరుగు బస్సు పోయింది. ఆళ్లగడ్డ దాకా నడిచాము. మీ ఊళ్లో మనుషుల కోసం కార్లను ఆపేస్తారట. ఇక్కడ ఎవరి జీపో హారన్ కొడితే మేమే రోడ్డు దిగి, కంపచెట్లలో నిలబడి, దుమ్ము తిన్నాము.

చెప్పకుండా పిల్లల్ని అడవికి తీసుకుపోయినందుకు సోమవారం హెడ్మిస్ట్రెస్ ఉమామహేశ్వరమ్మగారు నాచేత క్షమాపణ రాయించుకున్నారు. అదీ పోనీ. మహాలక్ష్మి బడికి రాలేదు. వాళ్లింటికి పోయాను. మద్దిలేటమ్మ వాకిట్లోనే నిలబెట్టి అన్న మాట ఇది: పదేండ్లుగా ఆ గార్డాయప్ప కంట్లో పడకుండా కట్టెలు తెచ్చి బిడ్డను సాకుతాండా, నువ్వు నా బిడ్డ మొగమే తీసకపోయి చూపించినావు, ఇంక దానికి నీ బడీ వద్దు, నీ సదువూ వద్దు.

ఇప్పుడు చెప్పు. నల్లమల పక్కనే పెట్టుకుని ఇంట్లో కూర్చుంటావేం అని ఎంత తేలిగ్గా రాశావు. మీ అడవిలో దారి తప్పకుండా చెట్లకు రంగు గుర్తులు వేస్తారట. ఇక్కడ దారి తెలిసినవాళ్లు దొంగలు. నీకు అడవి సెలవురోజు సరదా. మద్దిలేటమ్మకు అది పొయ్యిలో మంట. ఆ తేడా ఆళ్లగడ్డలో పుట్టిన నీకు తెలియదా? తొమ్మిదేండ్లకే మరిచిపోయావా?

నర్సింగుకు ఇద్దరం కలిసి పోదామనుకున్నాం. నంద్యాల స్టేషన్లో నువ్వొక్కదానివే రైలెక్కావు. మా నాయన వద్దన్నాడు కాబట్టి నేను ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయాను. లేకుంటే ఆ ట్రాములో నీ పక్కన నేనూ ఉండేదాన్ని. ఉన్నదానివి లేనిదానికి ఊరించే జాబులు రాయకు. అసలు జాబులే రాయకు.

నీ స్నేహితురాలినని ఈసారి రాయలేను.

ఎస్తేరు

తా.క. ఈ జాబు నాలుగు రోజులు అంటించకుండా పెట్టుకున్నాను. అంటించేముందు ఒక నిజం రాయాలి. మా నాయన వద్దనలేదు. నర్సింగు అప్లికేషన్ మీద సంతకం పెట్టి, పోబిడ్డా, బాగుపడతావు అన్నాడు. ఆ కాగితం చించేసింది నేను. ఊరు దాటాలంటే నాకే భయమేసింది. అందరికీ ఆయన పేరే చెప్పాను. ఊళ్లోవాళ్లు ఆయన్ను మొహం మీదే మొండి శాంతయ్య అన్నారు. తొమ్మిదేండ్లలో ఆయన ఒక్కసారి కూడా నా మాట అబద్ధమని ఎవరితోనూ అనలేదు. నిన్న ఆయన ముందు కూర్చుని ఏడ్చాను. ఇప్పుడెందుకులేమ్మా అన్నాడు.

ఆ తర్వాత మద్దిలేటమ్మ ఇంటికి మూడుసార్లు పోయాను. తలుపు తీయలేదు. రేపు పొద్దున మళ్లీ పోతాను. నువ్వు జాబు రాయి.