జడ్తి ఇయ్యని యాట

1964 ఫిబ్రవరి 9, ఆదివారం. ఎర్రగుంట

దొరికింది! నా సినిమాకు ప్రాణం ఇవ్వాళ దొరికింది.

మంథని నుంచి ఎడ్లబండి మీద కెమెరా వేసుకొచ్చి నాలుగు రోజులైంది. పాటల్లేవు, మాటల్లేవు, హీరో లేడు. ఉత్త డప్పు చప్పుడు మీద నలభై నిమిషాల సినిమా అంటే కరీంనగర్‌లో నా ఫోటో స్టూడియో ముందు ఆగి నవ్వని వాడు లేడు. నవ్వండి నాయనా, నవ్వండి. నా 'మొండెం' రానీయండి, అప్పుడు చెప్తా మీ సంగతి.

ఈ ఊరి పోచమ్మకు యాటను, అంటే బలి మేకను, కోసేది రాయమల్లు. తాతల నాటి నుంచి ఆ కత్తి వాళ్లింటిదే. యాట నెత్తిన పసుపు నీళ్లు పోస్తే అది ఒళ్లు జాడించాలి. జడ్తి ఇవ్వడం అంటే అదే, తల్లి ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే పొద్దు గూకినా సరే ఆగాలి, కత్తి లేవకూడదు. చిన్నప్పటి నుంచి చూసినవాణ్నే, నాకు తెలియంది కాదు.

ఫ్రేములో అడ్డం పడకుండా జనాన్నంతా గుడి వెనక్కి తోలాను. రాయమల్లు ఒక్కడు, యాట ఒక్కటి. దాన్ని చూడొద్దు, లెన్సులోకే చూడు అన్నాను. నీళ్లు పోశాడు. యాట కదల్లేదు. మళ్లీ పోశాడు. కదల్లేదు. మూడో చెంబు. రాయి లాగా నిలబడింది దొంగముండ. వెలుతురు పోతోంది, ఉన్నది ఆఖరి ఫిలిం రోలు. ఇచ్చింది, జడ్తి ఇచ్చింది, కొట్టు అని అరిచాను.

ఒకటే దెబ్బ. నెత్తురు లెన్సు మీదికి చిమ్మింది. తుడవలేదు. ఆ మరక కూడా నా షాటే.

మే 17

మద్రాసు నుంచి కడిగిన రీళ్లు వచ్చాయి. గోడ మీద వేసి ఆ షాటు పద్నాలుగు సార్లు చూశాను. నా భార్య అనసూర్య రెండోసారికే లేచిపోయి పెరట్లో వాంతి చేసుకుంది. తిరిగొచ్చి, గిది జడ్తి ఇయ్యనే లేదు గదా, ఎట్ల కోసిండ్రు అని అడిగింది.

ఇంత కష్టపడి తీస్తే ఈమెకు కనబడింది ఇదా! నోరు మూసుకోమన్నాను.

మే 18

అనసూర్య మాట్లాడడం లేదు. మంచిదే, ఎడిటింగ్ పని సాగుతుంది.

ఆగస్టు 23. హైదరాబాదు

ఫిలిం సొసైటీ షో. వచ్చింది ముప్పై మంది, మధ్యలో లేచిపోయింది పన్నెండు మంది. ఒకామె చెవులు మూసుకుని పోయింది.

కానీ ఇంగ్లీషు వీక్లీ క్రిటిక్ చివరిదాకా కూర్చున్నాడు. లైట్లు వేశాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ మేక అలా కదలకుండా నిలబడడం, చావును లెక్కచెయ్యని ఆ ధిక్కారం, ఎలా సాధించారండీ అన్నాడు. నవ్వాను.

సెప్టెంబర్ 6

రివ్యూ వచ్చింది. సగం పేజీ! మూడు చెంబుల షాటు ఒక్కటి చాలట ఈ దేశానికి. సొంత జనం మధ్య విడుదల చేస్తే తనే వచ్చి చూస్తాడట, మళ్లీ రాస్తాడట, బొంబాయి ఫిలిం సొసైటీకి సిఫారసు చేస్తాడట. ఇప్పుడు నవ్వండ్రా కరీంనగర్ పెద్దమనుషులారా.

అక్టోబర్ 11

రాయమల్లు వచ్చాడు. ఎంత పిలిచినా లోపలికి రాకుండా స్టూడియో మెట్ల మీదే కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు.

ఊళ్లో తల్లి పోసిందట, మశూచి. ఏడుగురు పిల్లలు పోయారు. అందులో ఇద్దరు అతని అన్న పిల్లలు. మొన్నటి బలిలో ఏదో తప్పు జరిగిందని ఊరంతా రోజూ పంచాయితీ. సారూ, నువ్వు నన్ను గటు చూడుమంటివి, నేను యాటను చూడలే, నిజంగ జడ్తి ఇచ్చిందా, నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు అన్నాడు.

మాకు పిల్లల్లేరు. ఒట్టు వేశాను. నా కాళ్లు మొక్కి పోయాడు.

డిసెంబర్ 4. బెల్లంపల్లి

టాకీసు ఓనరు బుచ్చిరాములు ఆదివారం పొద్దటి ఆట ఇచ్చాడు. సెన్సారు వాళ్లు ఒక్క ముక్క కొయ్యలేదు. ఎర్రగుంట వాళ్లు ఇరవై మంది దాకా ఇక్కడ బొగ్గు బాయిల్లో పనిచేస్తున్నారట, మా ఊరి సినిమా అని చంకలు గుద్దుకుంటున్నారట.

వినగానే అనసూర్య మొహం తెల్లబోయింది. ఆ నీళ్లు పోసే ముక్క కోసెయ్, కత్తి దెబ్బ ఉంచుకో, లేకుంటే ఆ మనిషిని సంపుతరు అని గడ్డం పట్టుకుని బతిమాలింది. క్రిటిక్ హైదరాబాదు నుంచి వస్తున్నదే ఆ ముక్క కోసం. కుదరదన్నాను. నీకు చెప్పుడు, దున్నపోతు మీద వాన కురుసుడు ఒక్కటే అంది.

కత్తెర బల్ల మీదే ఉంది. రీలు కూడా పక్కనే ఉంది. నేను పడుకున్నాను.

డిసెంబర్ 6, సాయంత్రం

పై పళ్లు రెండు పోయాయి. రాస్తుంటే కాగితం మీద నెత్తురు పడుతోంది.

మొదట అంతా ఈలలు, కేకలు. తెర మీద తమ వాళ్ల మొహాలు చూసుకుని ఒకటే సంబరం. తరువాత యాట. మొదటి చెంబుకు హాలు నిశ్శబ్దం. రెండో చెంబుకు నేల టికెట్టులో కొందరు లేచి నిలబడ్డారు. మూడో చెంబు. ఇయ్యలే, యాట జడ్తి ఇయ్యలే అని ఒకడు అరిచాడు. నా బిడ్డను మింగింది గిదేనా అని ఒకామె గుండెలు బాదుకుంది. కత్తి పడకముందే బెంచీ ఎగిరి తెరను చీల్చుకుని పోయింది. పడ్డవాణ్ని పడ్డట్టే తొక్కారు. బుచ్చిరాములు తల పగిలింది. క్రిటిక్ ముక్కు నుంచి నెత్తురు కారుతుంటే నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూనే ఉన్నాడు.

ప్రొజెక్టర్ దగ్గర నన్ను దొరకబట్టి బెంచీ కర్రతో మూతి మీద కొట్టారు. ఇంతలో ఎవడో, కోసినోడు రాయమల్లు, గీయనను గొట్టి ఏం జేస్తరు అన్నాడు. నన్ను వదిలేశారు. బొగ్గు లారీ ఎక్కి మంథని దారి పట్టారు.

కొట్టమన్నది నేనే అని అరవొచ్చు. నోటి నిండా నెత్తురుంది. కానీ అరవొచ్చు. అరవలేదు.

డిసెంబర్ 8

చంపేశారు. పోచమ్మ గుడి ముందే. ముందు కత్తి పట్టిన చేతిని బండ మీద పెట్టి రోకలితో నలగ్గొట్టారట. ఆ తరువాత తలా ఒక రాయి. అన్న కూడా వేశాడట. సారు చూసిండు, సారు ఒట్టేసిండు, సారును అడుగుండ్రి అని ఆఖరుదాకా అన్నాడట.

డిసెంబర్ 20

రెండో రివ్యూ. తెర చీల్చిన ఆ కోపమే ఈ సినిమా గెలుపట. బొంబాయి వాళ్లు ప్రింటు పంపమన్నారు. రాయమల్లు పేరు ఒక్కచోట కూడా లేదు. అనసూర్య అంతా చదివించుకుని విన్నది, పేపరు మడిచి నా చేతిలో పెట్టి, సిరిసిల్లకు, తల్లిగారింటికి పోయింది. తిరిగి రానన్నది.

ప్రింటును పొయ్యిలో పెట్టాను. ఇల్లంతా కంపు. నెగెటివ్ మాత్రం దాచుకున్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

1965 జనవరి 3. ఎర్రగుంట

నెగెటివ్ తెచ్చి గుడి ముందు తగలబెట్టాను. కొట్టమన్నది నేనే అని ఊరందరి ముందు చెప్పాను. ఒక్కడూ నా మీద చెయ్యి వెయ్యలేదు. రాయమల్లు పెళ్లాం కొమురవ్వ పసుపు నీళ్ల చెంబు తెచ్చి నన్ను యాట నిలబడ్డ చోటే నిలబెట్టింది. కత్తి ఆమె మరిది చేతిలో ఉంది.

నీళ్లు పడకముందే నా ఒళ్లంతా వణికింది.

కొమురవ్వ చెంబు దించింది. గిది జడ్తి గాదు, బుగులు, ఉత్త భయం అన్నది. నీళ్లు నేల మీద పోసి, పొమ్మన్నది.