లక్ష్మీనర్సమ్మ మంచం చుట్టూ

6 ఆగస్టు 2012, సోమవారం. సూర్యాపేట
ముసలివాళ్ల కేర్ మీద ట్రైనింగ్ నా నెత్తిన పడింది. నర్సింగ్ ట్యూటర్‌ని గదా, ఇంకెవరు దొరుకుతారు! బ్యాచ్‌లో డాక్టర్ భాస్కర్, ఫార్మసిస్ట్ నాగరాణి, ఫిజియో సతీష్. వాళ్లకిచ్చిన పేషెంట్ ఆత్మకూరు లక్ష్మీనర్సమ్మ. షుగర్ ఉంది. మొన్న శనివారం ఇంట్లో పడి చెయ్యి విరిగి మా వార్డులో చేరింది. అంతకుముందూ పడిందట. ఇగ మంచం దిగనియ్యం అని కోడలు దేవమ్మ తేల్చి చెప్పింది. మంచం దిగకపోతే ఆ కాళ్లు ఖతం. నేనుండగా అట్లా కానివ్వను.

7 ఆగస్టు
ముగ్గురూ విడివిడిగా చూసివచ్చారు. భాస్కర్ బీపీ గోలీ తగ్గించాడు. సతీష్ కాళ్లకు ఎక్సర్‌సైజులు నేర్పాడు. గోలీలు ఒక్కపూట కూడా విడవొద్దని నాగరాణి గట్టిగా చెప్పింది. ఒకరు చేసింది ఒకరికి తెలియదు. అందరం ఒకచోట కూర్చుందామంటే భాస్కర్ నవ్వాడు. రిపోర్ట్ పంపండి మేడం, చూస్తా అన్నాడు. ఒళ్లు మండింది.

9 ఆగస్టు
మళ్లీ అడిగాను. టైమ్ లేదట మహానుభావుడికి.

11 ఆగస్టు, శనివారం. మధ్యాహ్నం
పొద్దున సతీష్ నడిపిస్తుంటే ముసలామె ఒరిగిపోయింది. అతను పట్టుకోబట్టి సరిపోయింది. ఒళ్లంతా చెమటలు. షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకుంది. ఇంటికి తీస్కపోతం అని దేవమ్మ బట్టలు సర్దసాగింది.

ఈసారి భాస్కర్‌ను అడగలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. మంచం చుట్టూ అందరినీ కూర్చోబెట్టాను. ముసలామె పొద్దున టిఫిన్ తిప్పి పంపిందని వార్డు నర్సు చెప్పింది. ఆ మాట సతీష్‌కు తెలియదు. ఎందుకు తినలేదమ్మా అని నాగరాణి అడిగింది. శనివారం గద బిడ్డా, ఒక్కపొద్దున్న, రాత్రికే తింట అన్నది. మరి షుగర్ గోలీ? ఏసుకున్న, ఒక్కపూట గూడ ఇడువద్దని నువ్వే అంటివి గద అన్నది. ఖాళీ కడుపున గోలీ వేసుకుంటే షుగర్ పడిపోక ఏమవుతుంది! పడ్డ రోజులన్నీ శనివారాలేనని దేవమ్మ అప్పుడు గుర్తు చేసుకుంది.

ఒక్కపొద్దు మానెయ్యమని అరిచాను. దేవునికి మొక్కిన, నీకు గాదు అని మొహం తిప్పుకుంది. భలే మనిషి! చివరికి భాస్కరే శనివారం షుగర్ గోలీని రాత్రి అన్నంతో వేసుకునేట్టు మార్చాడు. సతీష్ ఆ రోజు ఎక్సర్‌సైజులు తీసేశాడు. పొద్దున పాలూ పండూ తీసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఇంకొక్క వారం ఆగమని దేవమ్మను బతిమాలాను. నాకు బతిమాలడం రాదు. అయినా బతిమాలాను.

18 ఆగస్టు, శనివారం. రాత్రి
ముసలామె ఒక్కపొద్దు ఉంది. పడలేదు! వరండా చివరిదాకా తనంతట తనే నడిచి, రేపు కూడా నడుస్త అన్నదట. దేవమ్మే ఆమె చెప్పులు తీసి మంచం పక్కన పెట్టింది.

5 నవంబరు. కోదాడ
కొత్త బ్యాచ్. లక్ష్మీనర్సమ్మను రమ్మన్నాం. దేవమ్మతో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. ఈమె ఎట్లా పడిందని ఒక కుర్ర డాక్టరు దేవమ్మను అడిగాడు. పడ్డది నేను, నన్నడుగు సారూ అన్నది.

ఆ పూటకు నా క్లాసు అంతే.