మీ వదిన చూడని కొండలు

పెదబయలు

చెల్లి సలోమికి అన్న దైవసహాయం రాస్తున్నది. మేమిద్దరం బాగానే ఉన్నాం. ఫోను పగిలిపోయింది, అందుకే ఈ కార్డు రాసి మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న అరకు నుంచి వస్తూ ఘాట్ మలుపులో బస్సుకు దారి ఇవ్వడానికి ఆగాను. ఆపరేషన్ చేసిన మోకాలు బండి బరువును ఆపలేకపోయింది. మోటారు సైకిల్ మెల్లగా పక్కకు ఒరిగింది, మీ వదిన రూతు కాఫీ మొక్కల్లో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకంటే ఏమీ లేదు. బండిని మాత్రం మేమిద్దరం పట్టినా లేపలేకపోయాం. బస్సులోవాళ్లు దిగి లేపారు.

ఆపరేషన్ అయ్యాక నువ్వు మూడు చక్రాల బండి కొనమంటే, అది ఇరుకు దారిలో పట్టదని, మలుపులో మోటారు సైకిల్‌లా వంగి తిరగదని నీతో ఎంత వాదించానో నీకు తెలుసు. అదంతా నిజమే. కానీ దాన్ని ఆపితే కాలు మోపే పని లేదు.

రోడ్డు పక్కన కూర్చున్నాక రూతు అంది, "కొండలు సూపిత్తానని తీసుకొచ్చినావు. నానైతే దారంతా నీ కాలే సూత్తన్నాను."

మీ ఆయనను సాలూరులో మూడు చక్రాల బండి గురించి కనుక్కోమను. వెనక సీటులో నడుము ఆనించుకునే వీలుండాలి. ఈ బండిని ఇక్కడ పాస్టరు గారింట్లో వదిలి రేపు బస్సులో వస్తాం. అమ్మ మాత్రలు వేసుకుంటోందా? మా కోళ్లకు నీళ్లు పెట్టించు. చాలా అలసిపోయాం.

రూతు మీ అందరినీ అడిగానని రాయమంది. దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి. రేపు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెదే.