అమ్మ పట్టిన కాటుక

1986 ఫిబ్రవరి, మంగళవారం రాత్రి
పిస్కాటవే

ఇవాళ ల్యాబ్‌లో ప్రొఫెసర్ టేబుల్ మీద సాకర్ బంతి పెట్టాడు. అరవై కార్బన్ పరమాణువులు సరిగ్గా ఇలాగే బంతిలా కలిసి ఉంటాయట. మామూలు దీపం మసిలో కూడా ఉండొచ్చట. ఇకనుంచి నా పని మసిలో దాన్ని వెతకడమే. దొరక్కపోతే? ఆ దిగులుతోనే ఇంటికొచ్చి కారు దిగాను.

లోపల స్మోక్ అలారం మోగుతోంది. కిచెన్‌లో ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి, అమ్మ పాపకి కాటుక పడుతోంది. నా పురిటికని ఊరి నుంచి ఈ దేశానికి వచ్చింది, వచ్చే వారం వెళ్ళిపోతుంది. ఆలోపు చేసిపెట్టాలని ఆమె తాపత్రయం. తను వెళ్ళాక పాపని ఎవరు...

అలారం ఆపి, "కళ్ళకి పెట్టొద్దని డాక్టర్ చెప్పాడమ్మా" అన్నాను.

"నీకు పెట్టలేదా? నీ కళ్ళకేమైంది?" అంది. నేను కళ్ళజోడు సర్దుకోవడం చూసి తనే నవ్వేసింది.

మసిని ఆముదంతో నూరకముందే కొంచెం సీసాలోకి గీకాను, రేపు ల్యాబ్‌కి.

"అందులో ఏముంటుందే?"

"అదే చూడాలమ్మా."

చివరికి పాప అరికాల్లో చుక్క పెట్టి ఊరుకుంది. వేలికి మిగిలింది చూసుకుని, నా కళ్ళజోడు తీసి, గడ్డం పట్టుకుంది.

"కదలకు."

చిన్నప్పుడు బడికి బయల్దేరే ముందు రోజూ అదే మాట. అదే ఆముదం వాసన, కంట్లో అదే చల్లదనం.

ల్యాబ్‌లో గ్లవ్స్ లేకుండా మసిని ముట్టుకోనివ్వరు. ఈ రాత్రికి ముఖం కడుక్కోకుండానే పడుకుంటాను.