వదులు చేసిన కుట్లు

అమ్మా,

ఫోన్‌లో నేను "గుండె" అనగానే "ఎవరో కుట్టడానికి బట్టలు తెచ్చారే" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అలా పెట్టేయలేవుగా. అందుకే రాస్తున్నాను.

మొన్న వచ్చేటప్పుడు నీ నీలం జాకెట్టు దొంగిలించి తెచ్చుకున్నాను. బెంగ. ఈ హాస్టల్ గదిలో సబ్బు వాసన తప్ప మనిషి వాసన లేదు. మనిద్దరిదీ ఒకే కొలత కదా, నిన్న తొడుక్కుంటే భుజం మీంచి జారిపోతోంది! చూస్తే రెండు పక్కలా కుట్లు విప్పి వదులు చేసి ఉంది. చిక్కి సగమైన మనిషివి, జాకెట్లు వదులు చేసుకోవడమేంటమ్మా? అందరి బట్టలూ సరిచేసే దానివి కదా, ఛాతీ బిగుసుకుంటే తప్పు బట్టదే అనుకున్నావు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. మేడ మెట్ల మధ్యలో ఆగిపోయి, "దారం మర్చిపోయానే" అంటూ ఊపిరి పీల్చుకోవడం. దవడ లాగితే పన్నన్నావు. చెయ్యి లాగితే కత్తెరన్నావు. వికారమంటే ఖాళీ కడుపన్నావు. ఫ్యాను కింద పట్టిన చల్లటి చెమటకి మాత్రం నీకు సాకు దొరకలేదు, కొంగుతో తుడిచేశావు.

ఈ ఉత్తరం తెచ్చిన పిల్ల నా గదిలో ఉంటుంది, నర్సు. ఇదంతా చెబితే తల దువ్వుకునేది కాస్తా ఆగిపోయింది. "ఆడవాళ్లకి గుండెపోటు ప్రతిసారీ గుండె పట్టుకుని పడిపోయేలా రాదే తల్లీ. ఇలా దొంగలా కూడా వస్తుంది" అంది. ఇవాళే వాళ్ల ఊరికి వెళ్తోంది, దారిలో మన ఇంట్లో దిగుతానంది. "ఉద్యోగం వదిలి వచ్చావో, గుమ్మం తొక్కనివ్వను" అన్నావు గనక నేను రావట్లేదు. ఆ పిల్లతో ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లు. చేతిలో పనుంటే సూది అలాగే గుచ్చి వదిలెయ్.

జాకెట్టు ఇంకా నా ఒంటి మీదే ఉంది.

నీ మొండిఘటం


చిట్టితల్లీ,

నీ నర్సు పిల్ల నన్ను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోనివ్వలేదు. గుండెకి నెత్తురు వెళ్లే దారి ఒకటి పూడుకుపోయిందట, తెరిచారు. "ఇంకొంచెం ఆలస్యమై ఉంటే..." అంది డాక్టరమ్మ.

నిజం చెప్పనా? ఏదో తేడాగా ఉందని నాకూ తెలుస్తూనే ఉంది. చెబితే అన్నీ వదిలేసి వచ్చేస్తావని భయం. మిషన్ ఆపినప్పుడల్లా, వచ్చేస్తే బాగుండునని ఆశ.

కొన్నాళ్లు మిషన్ తొక్కొద్దన్నారు. వదులు చేసిన జాకెట్లన్నిటికీ నువ్వే మళ్లీ కుట్లు వెయ్యాలి. నీ కుట్టు కోడి గీకినట్టుంటుంది. ఉంటే ఉండనీ. ఆ గుమ్మం మాట వెనక్కి తీసుకున్నాను.

రా.

అమ్మ